పాత విండోసును వీడని యిల్లాండ్రు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, అనగా ఆ యేటి దీపావళికి ఆఱు దినములు ముందుగా, లోకమునందలి కోట్లకొలది కంప్యూటర్లకు గడువు ముగిసిపోయెను. యంత్రములేవియు చెడిపోలేదు. మీట నొక్కినచో తెర వెలుగుచునే యుండెను. అక్షరములు పడుచునే యుండెను. కాని వానిని లోపలినుండి నడపుచున్న ‘విండోస్ 10’ అను వ్యవస్థకు ఇకమీదట ఉచితముగా మరమ్మతులు చేయబోమని దానిని నిర్మించిన మైక్రోసాఫ్టు కంపెనీవారు చెప్పివైచిరి. దాని తరువాతిదైన విండోస్ 11 అంతకు నాలుగేండ్ల క్రిందటనే, 2021 అక్టోబరు 5వ తేదీన, వెలువడియున్నది. తగిన యంత్రము గలవారికి దానిని వెల లేకయే యిచ్చుచుండిరి. ఐనను కొత్తదానిని వాడువారు పాతదానిని వాడువారిని మించుటకు 2025వ సంవత్సరము నడిమి వఱకును పట్టెనని స్టాట్‌కౌంటర్ అను సంస్థవారి లెక్కలవలన తెలియుచున్నది.

ఊరక యిచ్చెదమన్న వస్తువును ఇంతమంది యేల పుచ్చుకొనలేదు? సోమరితనమని కొందఱును, అజ్ఞానమని కొందఱును, ముఖ్యముగా స్త్రీలకును పెద్దవారికిని కొత్తవన్న భయమని కొందఱును చెప్పుచుందురు. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. ఆ తలంపు మాఱుటకు తెనాలిలో మేమెఱిగిన యొక యిల్లాలు కారణము.

ఆమె 20 ఏండ్లకు పైగా ఇంటనే కూర్చుండి తెలుగు అక్షరములు కూర్చు పని చేయుచున్నారు. శుభలేఖలు, గృహప్రవేశపు పిలుపులు, దేవాలయముల కరపత్రములు, అప్పుడప్పుడు ఏ పంతులుగారి పద్యముల పుస్తకమో. ముద్రణాలయములవారు వ్రాతప్రతిని పంపుదురు; ఈమె పుటలు సిద్ధపఱచి యిత్తురు. ఆ రాబడితోనే యిద్దఱు పిల్లల చదువులు గడచినవి. ఆమె కంప్యూటరు 2016లో కొన్నది. అందులో విండోస్ 10, దానిమీద పేజ్‌మేకర్ అను పుటల కూర్పు సాఫ్టువేరు, దానితో కలిసి పనిచేయు ‘అనూ’ ఫాంట్లు. వానినన్నిటిని ఒకదానితో నొకటి పొసగునట్లు చేయుటకు ఒక కుఱ్ఱవాడు నాలుగు దినములు ఆమె యింట కూర్చుండవలసి వచ్చెనట.

గడువు ముగియుచున్నదను ప్రకటన ఆమె తెరమీదకు వచ్చినపుడు మేమచటనే యుంటిమి. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న ఆమె కుమారుడు ఫోనులో తల్లిని మందలించుచుండెను.

“అమ్మా, ఆ పాతదాన్ని ఇంకా పట్టుకుని కూర్చుంటావేమిటి? రేపు బ్యాంకులో డబ్బంతా ఎవడో ఊడ్చుకుపోతే అప్పుడు తెలుస్తుంది.”

“నాయనా, కార్తికమాసం ముహూర్తాలు దగ్గఱకొచ్చాయి. నలభై శుభలేఖలు చేతిలో ఉన్నాయి. ఇప్పుడు నా పోపులపెట్టె ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ కూర్చోమంటావా?”

ఆమె యన్న యీ మాటలో, ఈ విషయమును గూర్చి మేము చదివిన అనేక వ్యాసములందు కానరాని సంగతి యొకటి కలదు.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమో కొందఱు సోదరీమణులకు తెలియక పోవచ్చును గనుక ఒక్క మాట చెప్పుదుము. కంప్యూటరులోని యినుపసామాను ఇల్లువంటిది. మనము వాడుకొను ఉత్తరముల సాఫ్టువేరు, లెక్కల సాఫ్టువేరు మొదలగునవి ఆ యింటికి వచ్చి పని చేసికొని పోవువారివంటివి. ఏ వస్తువెచట నున్నది, ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరికెంత చోటీయవలెను, తలుపు గడియ ఎప్పుడు వేయవలెను అని చూచుకొనునది ఆపరేటింగ్ సిస్టము. అది మాఱినదనగా ఇంటి పెత్తనమే చేతులు మాఱినదన్నమాట. గోడలవే, గదులవే, కాని పప్పు డబ్బా ఉన్నచోట ఉండదు, పాలవానికి తలుపు తెఱచుకొనదు. ఇల్లు నడపు స్త్రీకి దీనికంటె వివరము చెప్పనక్కఱలేదు. చీకటిలో చేయి చాచినను ఆవాలు అందవలసిన చోట అందుటయే వంట. ఆ చేతి యలవాటు వ్రాసిపెట్టుటకు వీలుకాని విద్య; సంవత్సరములపై గడించినది. దానిని ఒక్క రాత్రిలో చెల్లనిదిగా చేసి, ‘మేలైన దానినిచ్చితిమి గదా’ యనువారికి ఆ నష్టము లెక్కలోనికి రాదు.

ఇక చరిత్ర. విండోస్ ఎక్స్‌పి 2001 అక్టోబరు 25న వెలువడెను. మన తెలుగు వారికి దానితో ప్రత్యేకమైన బంధమొకటి కలదు: తెలుగు అక్షరములను చూపుటకు ‘గౌతమి’ యను ఫాంటును తనతో తెచ్చిన విండోస్ అదియే. లోకమంతయు దానికి అలవాటు పడెను. అట్లుండగా 2007 జనవరి 30న విస్టా అనునది వచ్చెను. పాత యంత్రములమీద అది మిక్కిలి బఱువుగా నడచెను. ఎన్నో ప్రింటర్లకును స్కానర్లకును అది పొసగలేదు. ఏ చిన్న పని తలపెట్టినను తెరను చీకటి చేసి ‘నీవు నిజముగా ఈ పని చేయదలచితివా?’ అని అడుగుచుండెను. ఇంటిలో నొక యుప్పుగిన్నె జరుపుటకు పదిమాఱులు అనుమతి యడుగవలసి వచ్చినచో ఎవరికి విసుగు పుట్టదు? ‘విస్టాకు తగినది’ యను చీటి అంటించి అమ్మిన యంత్రములలో కొన్ని దాని పూర్తి రూపమును నడపజాలవని అమెరికాలో 2007లో వ్యాజ్యము కూడ పడెను. 2008లో ఇన్ఫోవరల్డ్ అను పత్రికవారు ‘ఎక్స్‌పిని కాపాడుడు’ అని విన్నపమొకటి ప్రారంభింపగా రెండు లక్షలకు పైగా జనులు సంతకములు చేసిరి. ఒక వస్తువును అమ్మవద్దని ధర్నాలు చేయుట చూచియున్నాము. అమ్ముట మానవద్దని యింతమంది వేడుకొనుట మేమెన్నడును వినలేదు.

కంపెనీవారు దీనికి చెప్పిన సమాధానము వినదగినది. 2008లో వారు ‘మొహావీ’ యను పేర కొత్త విండోసొకటి రానున్నదని చెప్పి, విస్టా మంచిది కాదని తలచియుండిన నూటికి పైబడిన మందిని పిలిచి చూపించిరి. చూచినవారు బాగున్నదని మెచ్చుకొనిరి. అప్పుడు ‘ఇది విస్టాయే సుమా!’ అని బయటపెట్టి, వారి యాశ్చర్యమును చిత్రములు తీసి ప్రకటనలుగా వేసిరి. జనులు వస్తువును గాక పేరును చూచి బెదరుచున్నారని వారి వాదము. అందులో కొంత నిజము లేకపోలేదు. విని ద్వేషించువారు ఎల్లప్పుడును ఉందురు. కాని ఆ చూపించిన యంత్రము మంచి బలము గలది; చూపించినవారు నేర్పరులు; చూచినది కొలది నిమిషములు; చూచినవారు తమ చేతులతో దానిని తమ యింట నెలకొల్పుకొనలేదు, తమ పాత ప్రింటరును దానికి తగిలింపలేదు. పెండ్లిచూపుల నాటి ఉప్మా రుచి చూచి సంసారము గడచిపోవునని రూఢిపఱచుకొన్నట్లున్నది!

ఏడు సంఖ్యగల విండోస్ 2009లో వచ్చి ఈ పుండును కొంత మాన్పెను. జనులు దానిని సంతోషముగనే తీసికొనిరి. కొత్తదన్నంత మాత్రమున ఎవరును పాఱిపోరనుటకు ఇంతకు మించిన సాక్ష్యమక్కఱలేదు. కాని 2012లో వచ్చిన 8వది మరల తప్పటడుగు. తెరకు ఎడమ చేతి క్రిందిమూలను, 1995 నుండియు అందఱు నొక్కుచుండిన ‘స్టార్టు’ మీటను దానిలో తీసివైచిరి. మా తెనాలి యిల్లాలు చెప్పిన పోపులపెట్టె యిదియే. మఱుసటి సంవత్సరము 8.1లో మీటను మరల తెచ్చి పెట్టిరి. పెట్టెను తీసివేయుమని అడిగినవారెవ్వరో, తీసినందువలన బాగుపడినవారెవ్వరో నేటికిని మాకు తెలియలేదు.

తరువాతి కథ దీనికంటె కష్టమైనది. 2015 జూలై 29న విండోస్ 10 వెలువడెను. మొదటి సంవత్సరము 7వ, 8వ విండోసులు గలవారికి దానిని ఉచితముగా నిచ్చిరి. ఇచ్చుట మంచిదే. కాని యిచ్చిన తీరు మంచిది కాదు. భద్రతకై చేయు మరమ్మతులు ఏ దారిన వచ్చుచుండెనో ఆ దారిననే ‘విండోస్ 10 తీసికొనుడు’ అను ప్రకటనను గూడ పంపిరి. వద్దన్నకొలది అది మరల మరల తెరమీదకు వచ్చుచుండెను. 2016 మే నెలలో నైతే, ఆ ప్రకటన మూలనున్న ఎఱ్ఱని గుణకారపు గుఱుతును నొక్కి మూసివైచినను, వద్దనుట గాక, మార్పునకు ఒప్పుకొన్నట్లే లెక్కించిరి. ఇరువదియేండ్లుగా ‘మూయుము’ అని అర్థమైన గుఱుతు ఒక్కనాట ‘సరే’ అని అర్థమయ్యెను! వంటకు నీళ్లెక్కించి పక్కకు పోయి వచ్చుసరికి యంత్రము తనంతట తానే మాఱిపోవుచుండుట చూచి గుండె ఝల్లుమన్నవారు లెక్కకు మిక్కిలి. కాలిఫోర్నియాలో యాత్రల యేర్పాట్లు చేయుచు జీవించు ఒక స్త్రీ, తాను కోరకయే వచ్చిన యీ మార్పువలన తన పనియంత్రము పనికిరాకుండ పోయెనని కోర్టుకు పోయెను. కోర్టువారు ఆమెకు 10,000 డాలర్లిప్పించిరి. 2016లో కంపెనీవారు అపీలును మానుకొని ఆ సొమ్మును చెల్లించిరి. ఆమెయు ఇంటివలె చిన్న పనిని సాగించుకొను స్త్రీయే. మా తెనాలి యిల్లాలికి వరుసకు సోదరియే యనవచ్చును.

ఇంత జరిగిన పిమ్మట జనులు జంకినచో దానిని అజ్ఞానమనుట న్యాయమా? అది జ్ఞాపకము. ఒకమాఱు వేడిపాలు త్రాగి నోరు కాల్చుకొన్న పిల్లి మజ్జిగను చూచి వెనుదీయునని మన పెద్దలు చెప్పుదురు. ఆ పిల్లిని తెలివితక్కువదని వారు చెప్పలేదు.

పైగా యీ జంకు ఇల్లాండ్ర యొద్దనే లేదు. ఎక్స్‌పికి మైక్రోసాఫ్టువారు మద్దతు మానినది 2014 ఏప్రిల్ 8న. వెలువడిన పండ్రెండేండ్ల తరువాతగూడ, లోకములోని మేజా కంప్యూటర్లలో నాలుగింట నొక వంతుకు పైగా అప్పటికి దానితోడనే నడచుచుండెను. అమెరికా నౌకాదళమువారు ఎక్స్‌పిని ఇంక కొంతకాలము కాపాడుమని 2015లో 91 లక్షల డాలర్లకు ఒప్పందము చేసికొనిరి. మన దేశములో డబ్బు తీసికొను ఏటీఎం యంత్రములనేకము అదే ఎక్స్‌పిమీద సాగుచుండగా, రిజర్వు బ్యాంకువారు 2018 జూనులో కఠినముగా ఉత్తరువు చేసి, అన్నిటిని 2019 జూనులోపల మార్చవలెనని గడువు పెట్టిరి. గడువు తప్పి నాలుగేండ్లు గడచిన తరువాత! మందలించు కుమారులకు ఈ సంగతి చెప్పవలెను. కోట్ల రూపాయలను కాపాడు బ్యాంకులవారే ఇంత తడవు చేయగా, ముహూర్తములకు ముందు నెల దినములు ఆగెదనన్న తల్లిని ఆక్షేపించుట సుళువు.

ఇంతవఱకు మేము ఆమె పక్షముననే మాటాడితిమి. ఇక కుమారుని పక్షము చెప్పవలెను. ఏలయనగా అతని భయము ఊహకాదు.

ఏ ఆపరేటింగ్ సిస్టమైనను మానవులు వ్రాసినదే గనుక దానిలో కన్నములుండును. దొంగలు వానిని వెదకుచుందురు. నిర్మించినవారు కనుగొన్న వెంటనే మూయుటకు మరమ్మతు పంపుదురు. మద్దతు మానుటయనగా ఈ మూయుట మానుట. ఇందులో మఱియొక చిక్కు గలదు. కొత్తదానికిని పాతదానికిని లోపలి నిర్మాణము చాల భాగ మొకటే. కొత్తదానికి పంపిన మరమ్మతును దొంగలు విప్పి చూచి, ‘ఇచట కన్నముండెనా? అట్లయిన పాతదానిలో ఇంకను ఉండియే యుండును’ అని తెలిసికొందురు. పొరుగింటివారు ఏ కిటికీకి కొత్తగా ఊచలు పెట్టించుకొనిరో చూచి, అదే మేస్త్రి కట్టిన మన యింటికి ఏ కిటికీ బలహీనమో తెలిసికొన్నట్లు.

2017 మే 12న ఇది కన్నులార కనబడెను. ‘వానాక్రై’ యను దుష్ట సాఫ్టువేరు ఒక్క కన్నమునుండి దూఱి 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టెను. అందలి పత్రములన్నిటికి తాళము వేసి, విడుదలకై 300 డాలర్లు చెల్లింపుమని తెరమీద వ్రాసెను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు చికిత్సలు వాయిదా వేసికొని రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడెను. ఆపద ఎంత తీవ్రమయ్యెననగా, మూడేండ్ల క్రిందట వదలివేసిన ఎక్స్‌పికి సైతము కంపెనీవారు వెంటనే మరమ్మతు పంపిరి.

కాని పాఠకురాండ్రు ఇచట కొంచెము నిలిచి చూడవలెను. ఆనాడు దెబ్బతిన్న యంత్రములలో అత్యధిక భాగము ఎక్స్‌పివి కావు, విండోస్ 7వి. 7వదానికి అప్పటికి మద్దతు కలదు. ఆ కన్నమును మూయు మరమ్మతు ఆ యేడే మార్చి 14న, అనగా రెండు నెలల ముందుగనే వచ్చియున్నది. దానిని వేసికొననివారు చెడిపోయిరి. కొత్తయిల్లు కట్టుకొనుట వేఱు, ఉన్నయింటి పెంకు విఱిగినచోట మార్చుకొనుట వేఱు. మొదటిదానికి వెనుదీయుట తప్పుకాదు. రెండవదానిని మానుట తప్పు. అయినను ఈ రెంటిని కలగలిపినవారెవరు? ఒక్క సంవత్సరము ముందు, మరమ్మతు వచ్చు దారిననే సరకు నమ్మజూపినవారు గదా! విసిగినవారు కొందఱు ఆనాడు మరమ్మతులనే పూర్తిగా ఆపివేసికొనిరి. గాజులమ్మివాడు రోజును వైద్యుని వేషమున వచ్చి తలుపు తట్టినచో, ఒకనాడు నిజమైన వైద్యుడు వచ్చినను ఆ తలుపు తెఱవబడదు. పాత విండోసును వీడనివారి సంగతిలో మాకు తోచిన అసలు దోషమిదియే.

ఆ కంపెనీకి 2014 ఫిబ్రవరినుండి అధిపతియైన సత్య నాదెళ్ల మన హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివినవాడు. మనవాడని మనకు సంతోషము కలదు. మనవాడైనంత మాత్రమున లెక్క అడుగకుండుట ఇంటిలోనే చెల్లదు, కంపెనీలో నేల చెల్లవలెను?

2025 నాటి చిక్కు మునుపటివానికంటె వేఱు. ఈమాఱు వద్దన్నది జనులు మాత్రమే కాదు. విండోస్ 11 తానే ఎన్నో యంత్రములను వద్దన్నది. తాళపుచెవులను భద్రపఱచు ‘టీపీఎం 2.0’ అను చిన్న పరికరమును, సుమారు 2018 నుండి వచ్చిన ప్రాసెసరును ఉండితీరవలెనని నియమము పెట్టిరి. భద్రతకు అది మేలే. ఐనను చక్కగా పనిచేయుచున్న యంత్రములు 24 కోట్లు మూలపడునని కెనాలిస్ సంస్థవారును, 40 కోట్లవఱకు ఉండునని అమెరికాలోని పీఐఆర్‌జీ యను ప్రజాహిత సంఘమువారును అంచనా వేసిరి. 2016లో కొన్న మా యిల్లాలి యంత్రము అందులోనిదే. కాబట్టి కుమారుడు ‘మార్చెయ్యి’ యన్న మాటకు అర్థము ‘కొత్తది కొను’ అని. వెళ్లబోసికొనుటకు కష్టములు చాలనివారికి ఈ బేడ ఖర్చొకటి! కంపెనీవారు ఇండ్లవారికి మఱియొక యేడాది, 2026 అక్టోబరు 13 వఱకు, భద్రతా మరమ్మతులు 30 డాలర్లకు ఇచ్చెదమనిరి. యంత్రపు అమరికలను తమ ఖాతాలో భద్రపఱచుకొనువారికి రుసుము లేదనిరి. ఈ వెసులుబాటు కలదని ఆమెకు తెలియజెప్పినవారు లేరు. గడువు ముగియుచున్నదను మాట మాత్రము పెద్ద అక్షరములతో వచ్చెను.

ఇక ఆమెకు గల అసలు బెంగను చెప్పవలెను. అది డబ్బునుగూర్చి కాదు. పేజ్‌మేకరునకు 2001లో వచ్చిన 7.0 యే చివరి పెద్ద కూర్పు. దానిని నిర్మించినవారు దానిని ఎప్పుడో విడిచిరి. కొత్త విండోసులో అది నడచెనా నడచినట్లు. హామీ యిచ్చువారు లేరు. దానితో వాడు పాత తెలుగు ఫాంట్లలో మన అక్షరములకు సొంత యిల్లు లేదు. ఇంగ్లీషు అక్షరముల గదులలో అద్దెకున్నట్లుండును. ఫాంటు తోడుగా నున్నంతవఱకు తెలుగు. అది తొలగినచో అర్థములేని ఇంగ్లీషు గుఱుతుల పోగు. యూనికోడ్ వచ్చిన తరువాత తెలుగునకు సొంత స్థానములేర్పడినవి. కాని పాతవానిని దానిలోనికి మార్చు సాధనములు ఒత్తులవద్దను గుడులవద్దను తఱుచుగా తడబడును. ఒక్కొక్క పుటను మరల దిద్దుకొనవలెను. ఆమె పెట్టెలో 20 ఏండ్ల పని యున్నది. శుభలేఖలు పోయిన పోవుగాక. ఊరిలోని ముసలమ్మలు పాడుచుండగా కూర్చుండి వ్రాసికొని, పుటలుగా అమర్చిన మంగళహారతులును అప్పగింత పాటలును అందులోనే యున్నవి. పాడినవారిలో ఎక్కువమంది నేడు లేరు. “ఈ మిషను పోతే వాళ్ల గొంతులు మళ్లీ పోతాయి” అని ఆమె మాతో చెప్పినపుడు మేమేమియు బదులు చెప్పలేకపోతిమి.

కుమారునికి ఈ సంగతి అంతవఱకు తెలియదు. తల్లి మొండితనమని యనుకొనెను. దీపావళికి వచ్చినపుడు ఆ పాటల పుటలు చూచి, చాలసేపు మాటాడక కూర్చుండి, తరువాత మంచి యేర్పాటొకటి చేసెను. అది ఇతరులకును పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

మొదట పాత పెట్టెలోనిదంతయు రెండు వేఱువేఱు డిస్కులలోనికి నకలు తీసెను. ఒకటి తల్లియొద్ద, ఒకటి తనయొద్ద. పాటల పుటలన్నిటిని పీడీఎఫ్ రూపమునకు మార్చెను. ఆ రూపములో అక్షరములు ఏ యంత్రముమీదనైనను ఉన్నవున్నట్లే కనబడును, ఫాంటు అక్కఱలేదు. పిమ్మట పాత యంత్రమునకు ఇంటర్నెట్టు తీగను పీకివైచెను. బయటి దారి లేని యింటికి దారిదొంగ రాడు గదా. ఒక్క పెన్‌డ్రైవుతో వచ్చు బెడద మాత్రము మిగులును, అందుకై ముద్రణాలయమువారి పెన్‌డ్రైవును ముందు వేఱొకచోట పరీక్షించి గాని దీనికి తగిలింపవలదని చెప్పెను. బ్యాంకు పనులకును, ఉత్తరములకును చిన్న లాప్‌టాప్ ఒకటి, విండోస్ 11 గలది, తెచ్చియిచ్చెను. అంత సొమ్ము లేనివారు పాత యంత్రముననే లినక్సును వేసికొనవచ్చును. దానికి వెల లేదు, మన హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ యను సంస్థవారు దానిని తెలుగులో అందించుటకు పాటుపడియున్నారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు దానిమీదనే నేర్చుకొనుచున్నారు. కాని పేజ్‌మేకర్ దానికొఱకు చేసినది కాదు గనుక ఈమెకు అది కుదరలేదు.

మఱియొక హెచ్చరిక. ‘మీ విండోస్ గడువు తీఱినది, మేము మైక్రోసాఫ్టునుండి మాటాడుచున్నాము, ఫలానిది నొక్కుడు’ అని ఫోను చేయువారందఱు మోసగాండ్రే. ఆ కంపెనీవారు ఎవరికిని తమంత తాము ఫోను చేయరు. ఇటువంటి పిలుపు ఆమెకు ఆ నెలలోనే రెండుమాఱులు వచ్చెను. ‘మా అబ్బాయితో మాట్లాడండి’ అని పెట్టివైచితినని నవ్వుచు చెప్పిరి.

కొత్త లాప్‌టాప్ ఆమెకు పది పండ్రెండు దినములలో పట్టువడెను. కొత్తదానిలో స్టార్టు మీట క్రింద నడుమనుండును. అది ఆమెకు ఎంతమాత్రమును నచ్చలేదు. “మధ్యలో కూర్చోబెట్టారేమిటి, పీటలమీద పెళ్లికూతురిలా!” అనిరి. దానిని ఎడమకు జరుపుకొను వీలు ఆ విండోసులోనే యున్నది. కుమారుడు హైదరాబాదునకు బయలుదేఱు ఉదయమున, చెప్పులు తొడుగుకొన్నవాడల్లా మరల లోనికి వచ్చి, ఆ యమరికను తెఱచి మీటను ఎడమ మూలకు జరిపి వెడలెను. మేము తరువాతి వారము పోయి చూచునప్పటికి ఆమె పాత పెట్టెముందఱ కూర్చుండి ఒక అప్పగింత పాటలో జాఱిపోయిన సున్నను సరిదిద్దుచుండిరి.